అయిదు సోఫాల ఇంటి కోడలు

పోయిన వారం పిచ్చుకను సొంత ఇంటి గుమ్మంలోనే నిలబెట్టి వదిలేశాం. ఒక చేతిలో పాల ప్యాకెట్టు, ఇంకో చేతికి వేలాడుతూ కూతురు, ఎదురుగా చదువు సాయం సంఘం నుంచి వచ్చిన విచారణ మేడమ్. రేపు వస్తానన్న మనిషి ఇవాళే వచ్చి నిలబడితే ఎవరికైనా కాళ్లూ చేతులూ ఆడవు. పిచ్చుకకు కాళ్లూ చేతులూ ఆడనిది మాత్రం మేడమ్‌ను చూసి కాదు. మేడమ్ భుజం మీదుగా కనబడుతున్న తన ముందుగదిని చూసి.

కొత్తగా మనతో కలిసినవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్లి వద్దాం. పిచ్చుక సోఫాలు బాగుచేసే మేస్త్రీ భార్య. అటు పొయ్యి దగ్గరికీ, ఇటు కుట్టుమిషను దగ్గరికీ, మధ్యలో కూతురి దగ్గరికీ గెంతుతూనే ఉంటుందని అత్తగారు పెట్టిన పేరది. అదే నిలిచిపోయింది. మూడేళ్ల ఆ కూతురు ఉన్నచోట ఉండదు కాబట్టి దాని పేరు బొంగరం. చదువు మధ్యలో ఉండగానే పిచ్చుకకు పెళ్లయింది. పెళ్లయ్యాక బొంగరం పుట్టింది. బొంగరం కళ్లు మూసినప్పుడల్లా పుస్తకం తెరిచి, ఆగిపోయిన పరీక్షలన్నీ ఇంటి దగ్గరే కట్టి గట్టెక్కింది. ఇప్పుడు కళ్లు పరీక్షచేసి అద్దాలు రాసిచ్చే కోర్సులో సీటు వచ్చింది. ఫీజు కట్టే తాహతు ఆ ఇంటికి లేదు. చదువు సాయం సంఘం కడుతుంది, కానీ ముందు వాళ్ల మనిషి ఇంటికి వచ్చి చూస్తుంది. ఈ ఇంటికి సాయం కావాలి అని ఆమె రాస్తే శుక్రవారంలోగా ఫీజు కాలేజీకి చేరుతుంది. అక్కర్లేదు అని రాస్తే సీటు పట్టికలో తర్వాత ఉన్నవాళ్లకు పోతుంది.

ఇక ఆ ముందుగది సంగతి. మేస్త్రీ పనిచేసేది ఇంటి వెనక రేకుల షెడ్డులో. నిన్న సాయంత్రం కురిసిన వానకు షెడ్డు కప్పు కారడం మొదలుపెట్టింది. బేరాలకు, అంటే బాగుచేయించుకోవడానికి, వచ్చిన సోఫాలు తడవకుండా తల్లీ కొడుకూ వాటిని ఒక్కొక్కటే లాక్కొచ్చి ముందుగదిలో పెట్టారు. ముదురు ఎరుపు వెల్వెట్టుది ఒకటి. తేనెరంగు తోలుది ఒకటి. తెల్లటి గుడ్డ మీద నీలం పూలది ఒకటి. చేతులకు నగిషీ చెక్కి బంగారు రంగు పూసింది ఒకటి. నెమలి మెడ పచ్చటిది ఇంకొకటి. అడుగు పెట్టే సందు లేదు. ఎవరైనా చూస్తే ఏ జమీందారో ఇల్లు చిన్నదై ఇబ్బంది పడుతున్నాడనుకుంటారు.

దరఖాస్తులో ‘ఇంట్లో ఖరీదైన సామాను’ అని ఉన్నచోట ‘ఏమీ లేదు’ అని పిచ్చుక తన చేత్తోనే రాసింది. ఆ దరఖాస్తు ఇప్పుడు మేడమ్ సంచిలో ఉంది.

“రండి మేడమ్, రండి. ఎండలో నిలబెట్టేసింది మా పిల్ల,” అంటూ అత్తగారు ఎదురొచ్చింది. మేడమ్ తెల్ల పూల సోఫాకూ తోలు సోఫాకూ మధ్య పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి లోపలికి వచ్చింది. నడివయసు దాటిన మనిషి. కళ్లద్దాలు ముక్కు చివరికి జారుతుంటే వేలితో తోసుకుంటూ, మోకాలు పట్టుకుని నడుస్తోంది.

“కూర్చోండి,” అంది అత్తగారు. వంటగదిలోంచి నీలంరంగు ప్లాస్టిక్ స్టూలు తెచ్చి అయిదు సోఫాల నడుమ వేసింది. స్టూలుకు ఒక కాలు పొట్టిది. దానికింద అట్టముక్క మడిచి పెట్టింది.

మేడమ్ స్టూలు వైపు చూసింది. చుట్టూ ఉన్న సోఫాల వైపు చూసింది. స్టూలు మీదే కూర్చుంది. అది ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊగి నిలబడింది.

ఆ ఇంట్లో బేరానికి వచ్చిన సోఫా మీద ఎవరూ కూర్చోరు. మామగారు బతికున్న రోజుల నుంచీ అదే పద్ధతి. బొంగరం అమ్మా, నాన్నా అన్న తర్వాత నేర్చుకున్న మూడో మాట ‘కూచోకూదు’. ఇప్పుడు కూడా గోడకు వీపు ఆనించి, సోఫాలకు తగలకుండా అంచులమ్మట నడిచివెళ్లి, మేడమ్ ఎదురుగా నేలమీద చతికిలబడి ఆమెను పరీక్షగా చూడటం మొదలుపెట్టింది.

“ఈ సోఫాలు?” అంది మేడమ్, పెన్ను మూత తీస్తూ.

పిచ్చుక నోరు తెరిచేలోగా, “మావే,” అంది అత్తగారు.

మేడమ్ తల ఊపి రాసుకుంది. ఆ పెన్ను కాగితం మీద చేసిన చప్పుడు పిచ్చుకకు ఎవరో గుడ్డ చింపుతున్నట్టు వినిపించింది.

“అత్తయ్యగారూ, ఒకసారి ఇటు రండి. పాలు పొంగుతున్నాయి,” అంది. పాలింకా ఆమె చేతిలో ప్యాకెట్టులోనే ఉన్నాయి.

వంటగదిలోకి వెళ్లాక గొంతు తగ్గించి అడిగింది. “మావే అన్నారేంటండీ?”

“మరేమనమంటావు?”

“బేరానికి వచ్చినవని చెప్పొచ్చు కదా.”

“చెబితే, ఎవరివి అంటుంది. ఆఫీసు మనిషి ఒక్క ప్రశ్నతో ఊరుకోవడం నువ్వెప్పుడైనా చూశావా? ఆ ఎర్రది ఎవరింటిది, ఈ తోలుది ఎవరిచ్చారు, రసీదు ఉందా. అడిగాక చెప్పకపోతే దొంగసొత్తు అనుకుంటుంది. చెబితే మీ మామగారి మాట మన్నులో కలుస్తుంది.”

ఆ మాట ఏమిటో పిచ్చుకకు తెలుసు. గడప దాటి లోపలికి వచ్చిన సోఫాకు ఊరూ పేరూ ఉండవు. పైన వెల్వెట్టు మెరుస్తున్నా లోపల గోనెసంచులు కుక్కి ఉన్నాయని మేస్త్రీకి తెలుస్తుంది. దిండ్ల సందుల్లో ఏం దొరికిందో తెలుస్తుంది. చక్కెర జబ్బున్న పెద్దమనిషి దాచుకున్న మిఠాయి కాగితాలు, ఎప్పుడో పోయిందని పనిమనిషిని తిట్టిన చెవిపోగు, పెళ్లికి ముందు ఎవరో ఎవరికో ఇచ్చిన ఫోటో. దొరికినదాన్ని గుడ్డలో మూటకట్టి, ఎవరు దాచుకున్నారో వాళ్ల చేతికే మాట్లాడకుండా ఇస్తారు. అందుకే ఎంత పెద్దింటివాళ్లయినా ఈ షెడ్డుకే పంపుతారు. ఆ ఎర్ర సోఫా ఎవరిదో పిచ్చుకకు కూడా ఇప్పటివరకు తెలియదు.

“ఎవరివో చెప్పొద్దండీ. మనవి కావు అంటే చాలు.”

“నాకు అబద్ధమాడటం రాదనుకున్నావా? ఆడేశాను. ఇప్పుడు మాట మారిస్తే రెండూ అబద్ధాలే అనుకుంటుంది.”

“నా సీటు పోతుంది అత్తయ్యగారూ.” పిచ్చుక మోచేత్తో కళ్లు తుడుచుకుంది. “ఈసారి పోతే మళ్లీ మొదలుపెట్టే ఓపిక నాకు లేదు. పిల్ల పెద్దదైపోతుంది, దాని చదువు మొదలవుతుంది, ఇక నాదెవరికి గుర్తుంటుంది?”

అత్తగారు ఆమె చేతిలోంచి పాల ప్యాకెట్టు లాక్కుని గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టింది. మంట తగ్గించింది.

“టీలోకి కళ్లనీళ్లు పడనీకు. ఆవిడకు ఉప్పు పడకపోవచ్చు,” అంది. “నేను చూసుకుంటాలే.”

అత్తగారు నేను చూసుకుంటానన్న ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒకటి విరిగిందని పిచ్చుకకు అనుభవం.

టీ కప్పులతో వాళ్లు ముందుగదిలోకి వచ్చేసరికి మేడమ్, బొంగరం మంచి స్నేహితులైపోయారు. బొంగరం మేడమ్ కళ్లద్దాలు పెట్టుకుని గోడను చూస్తోంది.

“అద్దాలిచ్చి, ఇలా వచ్చి ఈ మెత్తటిదాని మీద కూర్చో తల్లీ,” అంది మేడమ్ ఎర్ర సోఫా మీద తడుతూ.

“కూచోకూదు.”

“ఎందుకు కూర్చోకూడదు?”

“నానమ్మ అరుత్తుంది.”

అత్తగారు ఒక కప్పు మేడమ్ చేతికిచ్చి, ఇంకోటి తను పట్టుకుని సర్దుకుంది. “దానికి సోఫా పడదు మేడమ్. ఆ గుడ్డకు ఒళ్లు దురద పెడుతుంది.”

“మీకు?”

“నాకేం? నాకు దురదలూ అవీ లేవు.”

“మరి మీరూ కూర్చోలేదే. మీ కోడలూ కూర్చోలేదు. వచ్చినప్పటి నుంచీ నేను ఈ కుంటి స్టూలు మీద సర్కసు చేస్తున్నాను. నేను చాలా ఇళ్లు చూశానండీ. ఒక్క కుర్చీ ఉన్న ఇంట్లో దాన్ని తుడిచి నాకు వేసేవాళ్లు. ఇన్ని సోఫాలు పెట్టుకుని స్టూలు వేసిన ఇల్లు ఇదే.”

 అత్తగారికి మాట తడబడటం చేతకాదు, వెనక్కి తగ్గడం అసలే చేతకాదు. టీ కప్పు చేత్తో పట్టుకునే, తల ఎత్తుకుని, గదిలోకెల్లా అందంగా ఉన్న పచ్చ సోఫా వైపు నడిచింది.

పిచ్చుకకు పై ప్రాణాలు పైనే పోయాయి. పచ్చ సోఫాకు దిండ్ల కింద బరువు మోసే నవారు పట్టీలు పొద్దుననే మేస్త్రీ ఊడదీశాడు. కొత్త పట్టీల చుట్ట తేవడానికే బజారుకు వెళ్లాడు. ఖాళీ చట్రంలోకి బొంగరం దిగుతుందేమోనని దిండ్లు తిరిగి పైన పేర్చి వెళ్లాడు. ఆ ముక్క ఇంట్లో చెప్పింది పిచ్చుకకే.

“అత్తయ్యగారూ, ఆ పచ్చది...”

“నువ్వుండు,” అంది అత్తగారు. కూర్చుంది.

కళ్లు మూసి తెరిచేంత సేపు అంతా బాగానే ఉంది. వీపు నిటారుగా, గడ్డం పైకి, మహారాణిలాగే ఉంది. తర్వాత కింది దిండు ఆమెతో పాటు మర్యాదగా, తొందరేమీ లేకుండా దిగడం మొదలుపెట్టింది. మోకాళ్లు పైకి వచ్చాయి. పాదాలు నేలను వదిలేశాయి. చూస్తుండగా అత్తగారు నడుము దాకా సోఫాలోకి వెళ్లిపోయి, రెండు కాళ్లూ ఒక తలా కలిసి పచ్చటి బుట్టలో పెట్టిన కూరగాయల్లా మిగిలాయి. పైకెత్తి పట్టుకున్న చేతిలో టీ మాత్రం ఒక్క చుక్క ఒలకలేదు.

 అదే సమయానికి భుజం మీద నవారు చుట్టతో మేస్త్రీ గుమ్మంలో అడుగు పెట్టాడు. తల్లిని చూశాడు, కొత్తావిడను చూశాడు, మళ్లీ తల్లిని చూశాడు.

“అమ్మా, దానికి ఇంకా పట్టీలు వెయ్యలేదే,” అన్నాడు.

“ఇప్పుడే తెలిసిందిరా,” అంది సోఫాలోంచి అత్తగారు.

“నానమ్మా, కూచోకూదు,” అని బొంగరం వేలు చూపించి గద్దించింది.

ముందు ఎవరు నవ్వారో చెప్పడం కష్టం. పిచ్చుక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేడమ్ కళ్లద్దాలు తుడుచుకునే వంకతో తల దించుకుంది. ఇంతలో సోఫా లోపలి నుంచి ఒక శబ్దం వచ్చింది. మొదట దగ్గనుకున్నారు. కాదు, అత్తగారు నవ్వుతోంది. గొంతులో అడ్డం పడ్డదేదో ఊడిపోయినట్టు, కాళ్లు గాల్లో ఆడిస్తూ, బొంగరం నవ్వినట్టే నవ్వుతోంది. పిచ్చుక ఆ ఇంటికి వచ్చి ఇన్నేళ్లయింది. అత్తగారి చిరునవ్వు చూసింది, ఎకసెక్కం చూసింది. ఈ నవ్వు వినడం ఇదే మొదలు. ఆ నవ్వులో ఆమె తనకంటే చిన్నపిల్లలా ఉంది.

“నవ్వింది చాలు, లాగండి,” అంది అత్తగారు ఊపిరి తిరిగాక. “ఈ కప్పు ఎవరైనా పట్టుకోండి ముందు.”

కప్పు మేడమ్ అందుకుంది. మేస్త్రీ ఒక చెయ్యి, పిచ్చుక ఒక చెయ్యి పట్టి లాగారు. బొంగరం నానమ్మ కాలి బొటనవేలు పట్టుకుని ఎటు లాగాలో అటు కాకుండా రెండోవైపు లాగింది. మొత్తానికి బయటపడింది. జుట్టు సర్దుకుని, కళ్లు తుడుచుకుని, మేడమ్ ఎదురుగా నేలమీద కూర్చుంది.

“పెళ్లయి వచ్చినప్పటి నుంచీ చుట్టూ సోఫాలే మేడమ్. ఎన్ని వందల సోఫాలకు గుడ్డ కోసి ఇచ్చానో. కూర్చోవడం ఇదే మొదటిసారి. కూర్చుంటే ఇలా ఉంటుందని ఒక్కరూ చెప్పలేదు.”

“అందరికీ ఇలా ఉండదు లెండి,” అంది మేడమ్. మళ్లీ నవ్వు మొదలయ్యేదే, అత్తగారు చెయ్యెత్తింది.

“మావి కావు. ఇందాక అబద్ధం చెప్పాను. కానీ ఎవరివో అడక్కండి. మా ఇంటి పనే అది, ఒకరి ఇంటి సంగతి ఇంకొకరికి చెప్పకపోవడం. తల తీసినా చెప్పను.”

“అడగను. నేను వచ్చింది మీకేముందో చూడటానికి. ఊళ్లోవాళ్లకు ఏముందో చూడటానికి కాదు.”

“మాకున్నదా?” అత్తగారు చుట్టూ చూసింది. “మీరు కూర్చున్నదే.”

మేడమ్ వంగి స్టూలు కాలికింది అట్టముక్కను చూసింది. ఇందాక రాసినదాన్ని అడ్డంగా కొట్టేసి, దాని పక్కన ఏదో రాసి సంతకం పెట్టింది. పిచ్చుకకు అప్పుడు ఊపిరి ఆడింది.

“ఇంకొకటి ఉంది,” అంది మేడమ్. పిచ్చుక భయపడుతున్నది సరిగ్గా దీనికే. “పగలంతా నువ్వు కాలేజీలో ఉంటావు. పిల్లను ఎవరు చూస్తారమ్మా? నన్ను తప్పుగా అనుకోకు. పిల్ల ఏడుస్తోందని, జ్వరమొచ్చిందని, నాలుగు నెలలకే మానేసి ఇంట్లో కూర్చున్న అమ్మాయిలను చాలామందిని చూశాను. అందుకే అడగాలి.”

దరఖాస్తులో ఆ గడి పిచ్చుక ఖాళీగా వదిలేసింది. ఎన్నోసార్లు అత్తగారిని అడుగుదామని వెళ్లింది. ఏ గుడ్డముక్కో చేతికిస్తే తీసుకుని వెనక్కి వచ్చేసింది. అడిగితే కాదంటుందేమోనన్న భయం కంటే, అవునని అయిష్టంగా అంటుందేమోనన్న భయం ఎక్కువ. అలా అన్నాక ఏ పాఠం తలకెక్కుతుంది? పిల్ల ఇప్పుడేం తింటోందో, మేకుల డబ్బా ఎక్కడుందో అన్నదే ధ్యాస.

“నా దగ్గర ఉంటుంది మేడమ్, షెడ్డులో,” అన్నాడు మేస్త్రీ. “మేకులూ కత్తెరలూ పైన పెట్టేస్తాను.”

“నీ దగ్గరా?” అంది అత్తగారు. “నీ ధ్యాసలో నువ్వు సాయంత్రానికి దాన్ని కూడా ఫోములో చుట్టి కుట్టేస్తావు. తర్వాత ఏ ఇంట్లోనో దిండు ఏడుస్తోందని వాళ్లు తిరిగి తెస్తారు. అక్కర్లేదు. నేను చూస్తాను రాసుకోండి మేడమ్.”

అంత మామూలుగా అనేసింది. ఇన్నాళ్లుగా పిచ్చుక గుండెల మీద పెట్టుకుని మోస్తున్న రాయిని, దారిలో అడ్డుందని కాలితో పక్కకు తోసినట్టు తోసేసింది. పిచ్చుక బొంగరం తల నిమిరింది.

మేడమ్ రాసుకుంటూ, “ఆగిపోయిన పరీక్షలు ఇంట్లోనే చదివి పాసయ్యావని ఉంది. ఎవరైనా చెప్పారా?” అని అడిగింది.

“అత్తయ్యగారే మేడమ్,” అంది పిచ్చుక. “నేను వంకర సూదితో అంచులు కుడుతుంటే ఆవిడ పుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడిగేవారు. జవాబు తప్పయితే ఆ కుట్టు కూడా విప్పించేవారు.”

“కుట్టెందుకు?”

“చేతికి గుర్తుంటే తలకి గుర్తుంటుందని,” అంది అత్తగారు. “అయినా లెక్కల్లో మరీ మొద్దు మేడమ్ మా పిల్ల. ఒక్కో లెక్కకు గజం పొడవు విప్పించాల్సి వచ్చేది.”

మేడమ్ పెన్ను ఆగింది. “లెక్కలు మీరు చెప్పారా? ఆ పుస్తకంలో లెక్కలు అంత తేలికవి కావు. మీరు ఎంతవరకు చదివారమ్మా?”

అత్తగారు పచ్చ సోఫాలోంచి పైకి పొడుచుకొచ్చిన దిండును సరిచేసింది. దాని మీది నూలుపోగు తీసింది.

“పన్నెండు.”

“పన్నెండేళ్లప్పుడు మానేశావా అమ్మా?” అన్నాడు మేస్త్రీ జాలిగా.

“పన్నెండో తరగతిరా. పాసయ్యాను. ఫస్టు క్లాసు. కాలేజీలో లెక్కల కోర్సుకు సీటు కూడా వచ్చింది.”

మేస్త్రీ భుజం మీది నవారు చుట్ట జారి నేలమీద పడింది. విప్పుకుంటూ, దొర్లుకుంటూ గుమ్మం దాటి వీధిలోకి పోయింది. బొంగరం దానివెంట పరిగెత్తింది. దానివెంట పిచ్చుక పరిగెత్తి, ఒక చేత్తో కూతుర్ని, ఇంకో చేత్తో నవారును పట్టుకుని, ఒక్క మాట కూడా పోగొట్టుకోకూడదన్నట్టు రొప్పుతూ వెనక్కి వచ్చింది.

“నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?” అంటున్నాడు మేస్త్రీ.

“నువ్వెప్పుడు అడిగావు? మీ నాన్న అడగలేదు, నువ్వు అడగలేదు. ఈ ఇంట్లో నన్ను ఎవరేమడిగినా, కత్తెర ఎక్కడుంది, దారం ఎక్కడుంది, అన్నం అయిందా. వాటికి జవాబులు చెబుతూనే ఉన్నానుగా.”

కోపం లేదు ఆ మాటలో. నవ్వుతూనే అంది. పిచ్చుక మాత్రం అత్తగారిని కొత్తగా చూసింది. కొలబద్ద లేకుండా సోఫాను ఒక్కసారి చుట్టి వచ్చి, ఇంత గుడ్డ పడుతుందని చెబితే జానెడు ముక్క కూడా మిగలని ఆ లెక్క ఎక్కడిదో అప్పటిదాకా తనకు తట్టనే లేదు. ఊరందరి గుట్టూ దాచిన మనిషి తన గుట్టు కూడా అంత భద్రంగా దాచుకుంది.

 మేడమ్ కాగితాలు సర్దింది.

“రాసేశాను. ఈ ఇంటికి సాయం అవసరమనీ, ఇంటివాళ్ల అండ గట్టిగా ఉందనీ. ఇంతవరకూ సంఘంలో నా మాట కాదన్నవాళ్లు లేరు. ఇక శుక్రవారం గురించి బెంగ పెట్టుకోకు.”

పిచ్చుక బొంగరాన్ని ఎత్తుకుని, ఉన్న ఆ కాస్త జాగాలోనే ఒక చుట్టు తిరిగింది. మోచెయ్యి బంగారు రంగు సోఫాకు తగిలింది, నొప్పి తెలియలేదు. మేస్త్రీకి ఏం చెయ్యాలో తోచక నవారు చుట్టడం మొదలుపెట్టి, చుట్టిందే మళ్లీ విప్పి చుట్టాడు. బొంగరానికి సంగతేమీ తెలియకపోయినా చప్పట్లు కొట్టింది.

మేడమ్ సంచి భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్లింది.

“మేడమ్,” అంది అత్తగారు.

మేడమ్ ఆగింది.

“ఆ సాయానికి వయసు పట్టింపు ఉందా?”

ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ ఆ ప్రశ్న ఎవరి కోసమో అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అందరికంటే ముందు మేడమ్‌కు అర్థమైంది.

“లేదమ్మా. సీటుంటే చాలు. సాయంకాలం కాలేజీలో లెక్కల కోర్సుకు సీట్లు మిగిలే ఉన్నాయి. పాత మార్కుల కాగితం ఉంటే చేర్చుకుంటారు.”

“ఉంది,” అంది అత్తగారు. ఎక్కడ ఉందో చెప్పలేదు.

“అత్తయ్యగారూ,” పిచ్చుక గబగబా అంది. “రాయండి. వెంటనే రాయండి. పగలు నేను వెళ్తాను, సాయంత్రం మీరు వెళ్తారు. నేను వచ్చేసరికి మీరు బయల్దేరొచ్చు. బొంగరం ఎప్పుడూ ఒకరి దగ్గర ఉంటుంది. ఈసారి మీరు సోఫా కుట్టండి, పుస్తకం నేను పట్టుకుంటాను. తప్పు చెబితే చూడండి ఎంత పొడవు విప్పిస్తానో.” మాట మాటకీ ఆమెకు ఊహ పెరిగిపోతోంది. ఇద్దరూ ఒకే దీపం కింద చదువుకోవడం, పరీక్షలకు ముందు ఇద్దరికీ భయం వేయడం, అన్నీ కళ్ల ముందు ఆడుతున్నాయి.

“ఒక్క నిమిషమమ్మా,” అంది మేడమ్. ఆమె గొంతు మారింది. “ఇది ముందే చెప్పాల్సింది. ఇంతవరకూ అవసరం రాలేదు కాబట్టి నాకూ తట్టలేదు. సాయం ఇంటికి ఒక్కరికే. అత్తాకోడళ్లయినా, తల్లీకూతుళ్లయినా, ఒకే పొయ్యి మీద వండుకునే ఇంట్లో ఒక్క పేరే రాయాలి.”

మేస్త్రీ చేతుల్లో నవారు ఆగిపోయింది.

తర్వాత ఏం జరగాలో అందరికీ తెలుసు. ఈ వయసులో నాకెందుకు మేడమ్, ఏదో మాటవరసకు అడిగాను, దానికే ఇవ్వండి అని అత్తగారు అనాలి. మేస్త్రీ అప్పుడే ఆ మాటకు తల ఊపడానికి సిద్ధంగా ఉన్నాడు. మేడమ్ కూడా దానికోసమే ఆగినట్టు ఉంది.

అత్తగారు కోడలి కళ్లలోకి చూసింది.

“నాకూ కావాలే పిచ్చుకా,” అంది. “నీ పేరు కొట్టించి నా పేరు రాయించుకోను. అంత పాపిష్టిదాన్ని కాను. కానీ నాకక్కర్లేదని మాత్రం అనను. పోయినసారి సీటు వచ్చినప్పుడు, నాకేం అక్కర్లేదులే అని నవ్వుతూ చెప్పేశాను. ఆ ఒక్క మాట మింగడానికి ఇంతకాలం పట్టింది. మళ్లీ అనలేను.”

మంచి కోడలు అనాల్సిన మాట పిచ్చుక నాలుక చివరికి వచ్చింది. మీరే తీసుకోండి అత్తయ్యగారూ, నాకింకా వయసుంది. అని ఉండేదే. కానీ ఎదురుగా ఆ ముఖం ఉంది. ఇన్నేళ్లలో మొదటిసారి ఏమీ దాచుకోని ముఖం. దాని ముందు నిలబడి తనూ అదే అబద్ధం మొదలుపెట్టాలంటే నోరు రాలేదు.

“నాకూ కావాలండీ,” అంది.

“తెలుసు,” అంది అత్తగారు.

“నాకు చాలా కావాలి.”

“నాకంటేనా?”

“మీ అంత.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. దుఃఖం రావాల్సిన చోట ఎందుకో నవ్వు తన్నుకొచ్చింది. ముందు పిచ్చుక పెదవులు వణికాయి, తర్వాత అత్తగారి భుజాలు కదిలాయి. మేస్త్రీ ఇద్దరి మధ్యా తల తిప్పుతూ, ఎవరి వైపు ఉండాలో తెలియక నవారు చుట్టను గుండెకు హత్తుకున్నాడు.

గుమ్మంలో మేడమ్ వీళ్లను కళ్లార్పకుండా చూస్తోంది. ఈ ఉద్యోగంలో ఆమె ఎన్నో గుమ్మాలు ఎక్కింది. నాకొద్దు తనకివ్వండి అనేవాళ్లను చూసింది. తనకెందుకు నాకివ్వండి అని కొట్టుకునేవాళ్లనూ చూసింది. నాకూ కావాలి, నీకూ కావాలి అని నవ్వుకుంటున్నవాళ్లను ఎక్కడా చూడలేదు. భుజానికి ఉన్న సంచిని మెల్లగా దించి, పిచ్చుక పేరు రాసి ఉన్న కాగితాన్ని బయటికి తీసింది. దాన్ని రెండుగా మడిచి, ఎవరికీ ఇవ్వకుండా తన గుప్పిట్లోనే పెట్టుకుంది.

“ఇద్దరూ చెప్పులేసుకోండి,” అంది. “ఆ రూలు రాసిన పెద్దమనిషి ఇవాళ ఆఫీసులోనే ఉన్నాడు. రూలు మార్చమని నేనొక్కదాన్నే చెబితే మాత్రం వినడు. మీరిద్దరూ ఇప్పుడు నా ముందు అన్నదే, ఉన్నదున్నట్టుగా, ఆయన ముందు అనగలరా?”